చింతకింద గోధుమ మడి

మొన్న వికారాబాదులో మా ఇంట్లో చపాతీ మాడింది. అది వార్తేమీ కాదు. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ, పిండి ఎంత మంచిదైనా నా రొట్టె నా కొద్దే వస్తుంది. అయితే ఆ రోజు పొగ వెనక నుంచి కమ్మటి గోధుమ వాసన ఒకటి లేచి, నన్ను తాండూరు అవతలి మా చేలోకి లాక్కుపోయింది.

మాది జొన్నరొట్టెల ఇల్లు. చలికాలమంటే నల్లరేగడి మీద పొద్దుటి మంచు, శనగాకు గిల్లితే వేళ్లకు అంటే పులుపు, కాల్చిన పాలకంకులను చేటలో నలిపితే ఇల్లంతా కమ్ముకునే తీపి వాసన. అమ్మ పుట్టిల్లు మాత్రం కన్నడ సరిహద్దు అవతల. అక్కడ గోధుమ పండేది. మా చేలోనూ కాస్త గోధుమ వేసుకోవాలన్నదే ఆమె కోరిక. ఒక ఏడాది విత్తనాలు కొంగున కట్టుకొచ్చి నాయినమ్మను అడిగింది. భూమి సంగతిలో చివరి మాట నాయినమ్మదే.

"గా చింతకింద జాగ ఉన్నది, తీస్కో. పండితే వచ్చేయేడు గూడ నీదే. పండకపోతే మల్ల జొన్నలే."

ఆ మడి చెట్టుకు ఉత్తరాన ఉండేది. చలికాలపు ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా పడుతుంది కనుక, ఒక్క అంచు తప్ప మడంతా పొద్దస్తమానం నీడే. ఆ నీడలోనే నాయినమ్మ నులకమంచం. ఎవరినీ ఒక్క మండ విరవనిచ్చేది కాదు. పిట్టలు కొట్టే పని నాది. పిట్టలు తిన్న గింజలకంటే నేను తిన్న చింతకాయలే ఎక్కువ.

నీడలోని పైరు నిగనిగలాడుతూ నా భుజాల దాకా లేచింది. ఎండలోని అంచు పొట్టిగా ఉండి, ముందే పసుపు తిరిగింది.

"చూసినవానే, నా చెట్టు సలువకు ఎట్ల లేసిందో!" అని నాయినమ్మ మురిసిపోయింది. మేమంతా నమ్మాం. అమ్మ కూడా.

కంకి ముదిరాక అమ్మ రెండు చోట్లవీ నలిపి ఊదింది. ఎండలోనివి గుండ్రంగా నిండి ఉన్నాయి; నీడలోనివి జీలకర్రలా సన్నగా, అవీ కొన్నే. ఎండను పట్టి తిండి వండుకోవలసిన ఆకుకు వెలుతురు చాలలేదు. వండుకున్న కొంచెమూ వెలుగు వెతుక్కుంటూ ఎదగడానికే సరిపోయి, గింజ దాకా రాలేదు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. నేనూ నీడపట్టున పెరిగినదాన్నే; పొడుగుకు లోటు లేదు, గింజ సంగతి అడగొద్దు.

తూర్పారబట్టిన రోజు గాలికి ఎగిరిందే ఎక్కువ. "మాట మాటే. ఇగ జొన్నలే" అంది నాయినమ్మ. అమ్మ ఒక్క గింజ కూడా తిరగలిలో విసరకుండా, అంచులోని గట్టి గింజలన్నీ మూట కట్టి దూలానికి వేలాడదీసింది.

"జొన్నలంటి గద, గవి ఎందుకు దాస్తున్నవే?"

"నీడల దప్ప యాడేసినా పండుతయ్ అత్తా."

నాయినమ్మ మూట దింపి విప్పి, గింజలను వేళ్ల మధ్య చాలాసేపు తిప్పింది.

వానలు వెనక్కి తగ్గాక మేకల సాయన్న మేతకు చింతమండల కోసం వచ్చాడు. ఏటా అడిగేవాడు, ఏటా తిట్లు తినేవాడు.

"ఏమంటవ్ అవ్వా, ఈయేడన్న కొట్టాల్నా?"

"కొట్టు. నా మంచం మీదికి ఒక్క కొమ్మ ఉంచు, సాలు."

"జరమొచ్చిందా ఏంది అవ్వా!" అంటూనే, ఆమె మనసు మారేలోపు చెట్టెక్కేశాడు.

ఆ చలికాలం నాయినమ్మ సగం నీడలో, సగం ఎండలో, నెత్తిన తువ్వాల వేసుకుని కూర్చుంది. అదే మడిలో అమ్మ దాచిన గోధుమ పొట్టిగానే పెరిగింది, నిండుగా పండింది. మొదటి రొట్టె ఆమెకే పెట్టారు. "జొన్నరొట్టె అంత గాదు" అంటూ రెండోదానికి చెయ్యి చాపింది.

నాయినమ్మా, అమ్మా ఇప్పుడు లేరు. చింతచెట్టు కూడా లేదు. ఆ మడిలో ఇప్పుడు పత్తి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండకు కొదవే లేదక్కడ. గోధుమ వేస్తానని అడిగేవాళ్లే లేరు.