సొట్ట చెంబు

నిన్న మనవరాలు ఇంగ్లీషు హోంవర్కు చేస్తూ నన్ను నిలదీసింది. స్పూన్‌ఫుల్, కప్‌ఫుల్, బకెట్‌ఫుల్ అని వరసగా రాసుకుని, "అవ్వా, కప్‌ఫుల్ అంటే ఎంత? ఏ కప్పో ఈడ రాయలేదే!" అంది. "మనకూ ఉన్నాయి కదే, చెంబెడు, గంపెడు, చారెడు," అంటూ లేచి, వంటింటి గూట్లోంచి మా అత్తగారి సత్తు చెంబు తెచ్చి దాని పుస్తకం పక్కన పెట్టాను.

వ్యాసర్పాడిలో మా అత్తగారి ఆవకాయ జాడీ మూత తీస్తే వీధి చివరివాళ్లకు ఆకలేసేది. గొప్పకు చెప్పడం లేదు, నిజం! ఆవిడ తక్కెడ ముట్టి ఎరుగదు. బకెట్టెడు ముక్కలకు చెంబెడు ఉప్పు, అంతే. ఆ చెంబుకు నడుం దగ్గర పెద్ద సొట్ట. నేను కాపురానికొచ్చిన ఏడాదే అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనువాళ్లు రుచికి జాడీడు ఆవకాయ పంపమన్నారు. నచ్చితే ఏటా మాదే. ఎండలో ఇల్లిల్లూ తిరిగి అమ్మే బాధ అత్తగారికి తప్పుతుంది. కొత్త కోడలిని కదా, నాకేమో మెప్పు పిచ్చి. ముక్కలు కలిపే ముందురోజు చెంబు తోముతూ, అంత మంచి చేతికి ఇంత వికారపు చెంబా అనుకుని, లోపల రోకలి ఆనించి తట్టి తట్టి సొట్ట తీసేశాను. ఎంత మురిసిపోయానో! మూడోనాడు ఆవకాయ తిరగకలిపి నాలిక మీద వేసుకున్న అత్తగారు ముఖం చిట్లించి, తిన్నగా వెళ్లి చెంబు చేతిలోకి తీసుకుంది.

"దీని సొట్ట ఎవురు తీసింది?"

"నేనే అత్తా," అన్నాను.

"సరిపోయింది పో! ఆ సొట్టంత ఉప్పు ఎక్కువ పడిందమ్మే!"

నాలుగు తిట్లు తిట్టి, ఐదోదానికి తనే నవ్వేసింది. ఉప్పు లేకుండా ఇంకాసిని ముక్కలు, కారం, ఆవపిండి, నూనె అందులో కలిపింది. తర్వాత చెంబును నేలకానించి రోకలితో ఒక్క దెబ్బ. సొట్టలో తన బొటనవేలు పెట్టి చూసుకుని ఇంకొకటి. వేలు అతికినట్టు కూర్చున్నాక, "ఆఁ, ఇప్పుడు సరి," అంది.

క్యాంటీను పెద్దమనిషి స్వయంగా వచ్చి ఇంకో పది జాడీలు చెప్పాడు. కొలత రాసుకుంటానని పెన్ను తీస్తే అత్తగారు చెంబు చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆనాటి గర్వం నాకింకా దిగలేదు.

అంతా విని మనవరాలు సొట్టలో వేలు పెట్టి, "లూజుగా ఉందే అవ్వా," అంది. నా వేలూ మొదట్లో అంతే, అందులో ఆడుతూ ఉండేది. ముప్పై ఎండాకాలాలు ముక్కలు కలిపాక, ఎప్పుడు అతుక్కుందో నాకే తెలియదు.