నూలు కోసం దాచిన నీళ్లు

మొన్న కిరాణా దుకాణంలో ఓ డబ్బా అడుగున నాలుగు చిల్లగింజలు కనిపించాయి. ఇవేమిటని మనవరాలు అడిగింది. బురద నీళ్లను తేర్చే గింజలని చెప్పి ఊరుకున్నాను. మిగతాది దానికి చెప్పలేదు.

నా చిన్నప్పటి, పంతొమ్మిదివందల నలభైల నాటి మాట. వరంగల్‌లో మా నేతగాళ్ల వాడ చివర కమేళా ఉండేది. మేకల్నీ గొర్రెల్నీ కోసే ఆ షెడ్డు వెనక నెత్తురు గుంట, దాని పక్కనే మా చేదబావి. ఎండాకాలం నీళ్లు పాతాళానికి పోయి, అరచేతులు బొబ్బలెక్కేలా చేదితే ఉప్పగా, తేటగా నాలుగు చేదలు దొరికేవి. తొలకరి పడగానే గుంట పొంగి భూమిలోకి ఇంకేది. వంగి చెంబుతో ముంచుకునేంత పైకి బావి నిండితే పిల్లలం గంతులేసేవాళ్లం, నీళ్ల మీది జిడ్డు తెట్టునూ నీచు వాసననూ ఎవరు పట్టించుకున్నారు! చలికాలానికి మళ్లీ తేటపడేవి.

ఆ వాసనను ముందు పసిగట్టింది మా నాయిన, అదీ నూలులో. ఆ నీళ్లతో కాచి నూలుకు పట్టించే గంజి పూట తిరక్కుండానే పులిసిపోయి, మగ్గం మీది పడుగు పోగులు తెగుతున్నాయని, వానాకాలమంతా కోట వైపు బావి నుంచి కావడితో మోసుకొచ్చి కాగుల్లో దాచేవాడు. తాగడానికంటారా, మా బావి నీళ్లే, వాటికి మా బాపమ్మ చిల్లగింజ ఉండనే ఉంది. నాయినను కన్న ఆ తల్లి రోజూ కడవ లోపల గింజ అరగదీసి, మడ్డి అడుక్కి దిగాక, అద్దంలా ఉన్నాయని మురిసిపోయేది. తేటనీళ్లు చెడ్డవవుతాయని మా ఇంట్లో ఎవరికి తెలుసు?

ఆ శ్రావణంలో మక్కగారెలు తిన్న మర్నాడు నాలుగేళ్ల చెల్లెకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. గారెలు అరగలేదనుకున్నారు. పిల్ల నీళ్లు నీళ్లని ఏడుస్తుంటే, దగ్గరగా ఉందని నేను కాగు మూత తీశాను.

"అది నూలుది బిడ్డా, ముట్టకు. మీ నాయిన రెక్కలిరగ మోసుకచ్చిండు. కడవల తేటనీళ్లున్నయ్, అవి జర పొయ్," అంది బాపమ్మ.

పోశాను. రెండు రోజులు, చెంబు తర్వాత చెంబు, ఈ చేతులతోనే. మూడోనాడు చెల్లె అడగడం మానేసింది.

మగ్గం మీది గుడ్డే కోసి చెల్లెను చుట్టారు. మంచినీళ్ల గంజి పట్టిన గుడ్డ, ఎక్కడా నీచు వాసన లేదు. నాయిన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నూలుకైతే తెలిసింది నాకు," అన్నాడు బాపమ్మతో. "పిల్లకైతే తెల్వలే."

ఆ తర్వాత ఆయన, ఎవరైనా ముంచుకు తాగనీ అని, కాగుల మీద ఎప్పుడూ మూత పెట్టలేదు. ఏం లాభం!

ఇప్పుడు కమేళా లేదు, బావి పూడ్చి దుకాణాలు కట్టారు, వాడలో మగ్గం చప్పుడే లేదు. ఇవాళ మనవరాలు దాహమంటే నీళ్ల సీసా కొన్నాను. అద్దంలా ఉన్నాయి నీళ్లు. అది చెయ్యి చాచి నిలబడే ఉంది, నేను మూత తీసి ఇంకా వాసన చూస్తూనే ఉన్నాను.