నీళ్లు తేటగా ఉన్న రోజు

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఎండాకాలం సెలవుల్లో, నారాయణగూడలో నేను పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీ ఫ్లూయిడ్స్ ల్యాబుకు నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేస్తున్న పద్మ కొలతలు పూర్తి చేయించడం నా పని. కృత్రిమ గుండె వాల్వు నమూనాలోంచి నీళ్లు ఏ వేగంతో పోతాయన్నది ఆమె పరిశోధన. లేజర్ యంత్రం అరువుది. ఈ సంగతి జరిగిన రోజు సాయంత్రమే దాన్ని తిరిగిచ్చేయాలి. వాల్వు గోడ పక్క కొలతలు మిగిలాయి. రక్తం గడ్డకట్టే అవకాశం అక్కడే ఎక్కువ గనుక అవే ముఖ్యం.

ఈ పద్ధతిలో నీళ్లలో ఏ పరికరమూ ముంచం. ముంచితే ప్రవాహమే మారిపోతుంది. రెండు లేజర్ కిరణాలను ఒకచోట కలుపుతాం. అక్కడ దాటిపోయే రేణువు మిణుకుమంటుంది. ఎంత వేగంగా మిణుకుమంటుందో చూసి వేగం లెక్క కడతాం. అంటే కొలిచేది నీటిని కాదు, రేణువుని. అందుకే నీళ్లలో సన్నటి గాజుపొడి కలుపుతాం.

నేను చిక్కడపల్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుని చేరేసరికి పద్మ పరేషాన్‌గా ఉంది. "సార్, అంతా మంచిగనే పెట్టిన. సిగ్నల్ వస్తలేదు."

అద్దాలు, కిరణాలు అన్నీ సరిచూశాం. చివరికి ట్యాంకులోకి చూస్తే నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. అప్పుడే ప్రిన్సిపాల్ వచ్చారు.

"నర్సింగరావు గారూ, ఇయ్యాల కాలేజీ తనిఖీకి కమిటీ వస్తున్నది కద. నీళ్లు గలీజుగ ఉంటే నిన్న నా దగ్గరున్న తాళంచెవితోని తీపిచ్చి నేనే మార్పిచ్చిన."

"అది గలీజు కాదు సార్, గాజుపొడి. ఉన్నదంతా అదే."

"పొడే కద! కోఠిల దొరకదా?"

విదేశం నుంచి తెప్పించిన పొడి అది.

"పాలు కలుపుదామా సార్? అండ్ల సన్న కొవ్వు బొట్లుంటయి," అంది పద్మ. పాల ప్యాకెట్టు తెచ్చి కొంచెం కలిపాం. సిగ్నల్ వచ్చింది, బలహీనంగా. ఒక్కో అంకె పడుతుండగా ప్రిన్సిపాల్ కమిటీని వెంటబెట్టుకొచ్చి, "మల్ల గిదేంది?" అన్నారు. యంత్రం ఆపి అందరికీ మొదట్నుంచి వివరించేసరికి సాయంత్రం కావచ్చింది. ఆలోగా ఎండకు పాలు విరిగాయి. సిగ్నల్ పోయింది. ట్యాంకు కడిగి మళ్లీ కలిపే వ్యవధి లేదు. గోడను ఆనుకున్న కొలతలు అందనేలేదు. సాయంత్రం యంత్రాన్ని తీసుకుపోయారు.

పద్మ థీసిస్‌లో ఆ చోట ఊహించి అంకెలు వేయలేదు, కొలవలేదనే రాసింది. పరీక్షకులు మళ్లీ కొలవమన్నారు. డిగ్రీ ఏడాది వెనక్కి పోయింది.

ఆ తర్వాత ఏ ప్రయోగం మొదలుపెట్టినా, యంత్రాన్ని చూడకముందే ఆ గది తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయో అడిగి తెలుసుకునేవాణ్ని.