స్టీరింగ్ పక్కన గేరు

పక్షవాతం వచ్చి తగ్గాక మావారికి నడక తిరిగి వచ్చింది కానీ, ఎడమచెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఎడమకాలు కూడా తొందరగా అలిసిపోతుంది. డాక్టరు ఆటోమేటిక్ బండి నడపొచ్చని చెప్పాక ఒకటి కొన్నాం. నోయిడా నుంచి ఆఫీసుకి అందులోనే వెళ్లొస్తారు. నన్ను ధౌలా కువాన్‌లో నేను పనిచేసే కాలేజీ దగ్గర దింపాల్సి వస్తే సరదాపడతారు.

ఆయనకి చిన్నప్పటి నుంచీ అంబాసిడర్ అంటే ప్రాణం. యాభై ఏళ్లు దాటిన బండి ఒకటి కొనుక్కోవాలని, ఆ జబ్బు తర్వాత మరీ పట్టుపట్టారు. వెతగ్గా వెతగ్గా రెండు దొరికాయి.

ఒకటి ఫరీదాబాద్‌లో ఒక గ్యారేజీలో ఉంది. పైకి పాతదే. లోపల కొత్త ఇంజను, ఆటోమేటిక్ గేర్లు, పవర్ స్టీరింగు, ఏసీ. అంత పాత బండి రోడ్డెక్కాలంటే వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలి, ఇంజను మార్చిన బండికి అది దొరకదని విన్నాం. గ్యారేజీ ఆయన మాత్రం, "హో జాయేగా సర్, టెన్షన్ మత్ లో" అని, అదంతా అయిపోతుందని భరోసా ఇచ్చాడు.

రెండోది దక్షిణ ఢిల్లీలో ఒక పంజాబీ ఆంటీ ఇంట్లో ఉంది. భర్త పోయాక అది షెడ్డులోనే ఉంది. రంగు తప్ప ఏదీ మారలేదు. ముందు ఒకటే పొడుగు సీటు, స్టీరింగ్ పక్కన ఎడమచేత్తో వేయాల్సిన గేరు కర్ర, కాలు నొప్పెట్టేంత గట్టి క్లచ్. మావారు దాని చుట్టూ తిరిగి, డోర్ హ్యాండిల్ని నిమిరి, "మనవల్ల కాదులే" అని వచ్చేశారు.

ఫరీదాబాద్ బండిని మాత్రం ఆయనే నడిపి చూశారు. దిగి, "ఇదే తీసుకుందాం" అన్నారు.

ఇంటికొచ్చే దారిలో నేనే అడిగాను.

"ఎలా ఉందండీ?"

"బాగుంది." రోడ్డు వంకే చూస్తూ అన్నారు. "అచ్చం మన ఈ బండిలాగే ఉంది."

ఆ మాటలో సంతోషం లేదు. మర్నాడు నేనే ఆంటీకి ఫోన్ చేసి, ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

"నువ్వు నడుపుతావా దీన్ని?" అన్నారు ఆయన అనుమానంగా.

"ఈ గేర్లు నేర్చుకుంటాను."

గేటు దాటకముందే రెండుసార్లు ఆగిపోయింది. కాలనీ రోడ్డు మీదికి వచ్చాక రెండో గేరు ఎంతకీ పడలేదు. కర్రుమని ఒకటే చప్పుడు. నాకు చెమటలు పట్టేశాయి. వెనక స్కూటర్ల వాళ్లు హారన్లు కొడుతున్నారు.

మావారు సీటు మీద నా వైపు జరిగారు. కుడిచెయ్యి చాచి గేరు కర్ర మీదున్న నా చేతిని మెల్లగా తీసి, "నువ్వు స్టీరింగ్ పట్టుకో. క్లచ్ తొక్కు. గేరు నేను వేస్తా" అన్నారు.

తొక్కాను. గేరు చప్పుడు లేకుండా పడింది.

కాలనీ అంతా అలాగే తిరిగాం. మూడో గేరు వేసినప్పుడు ఆయన నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక అలా నవ్వడం నేను చూడలేదు. నాకు కళ్లు చెమ్మగిల్లి రోడ్డు సరిగ్గా కనిపించలేదు.

తిరిగి వచ్చేసరికి ఆంటీ గేటు దగ్గరే నిలబడి ఉంది. బండిని ఎవరు నడుపుతారని అడిగింది.

"దోనో, ఆంటీ" అన్నారు మావారు, ఇద్దరమూ అని.

ఆవిడ మా ఇద్దరినీ చూసి, "కుఛ్ బద్‌లోగే తో నహీఁ?" అంది. చూడ్డానికి వచ్చిన వాళ్లంతా ఏదో ఒకటి మారుస్తామనే అన్నారట. మేం ఏదీ మార్చం అని చెప్పాం. చాయ్ తాగి వెళ్లమని మమ్మల్ని లోపలికి పిలిచింది.

కాగితాలకి చాలా తిరగాల్సి వచ్చింది కానీ బండి మాదయింది. ఏసీ లేదు గనక ఎండాకాలమంతా కప్పేసి ఉంచుతాం. చలి మొదలయ్యాక ఆదివారం పొద్దున్నే ట్రాఫిక్ పెరగకముందే తీస్తాం. మా అమ్మాయి వెనక సీట్లో కూర్చుని, "మమ్మీ, ధీరే" అని, మెల్లగా పోనిమ్మని అంటూ ఉంటుంది. అశోకా రోడ్‌లో ఇడ్లీ తిని వస్తాం.

ఇప్పుడు ఆ గేర్లు వేయడం నాకూ వచ్చేసింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా నేను క్లచ్ తొక్కి ఊరుకుంటాను. ఆయన చెయ్యి చాస్తారు.