కువైట్ నుంచి వచ్చిన ఆట

అమ్మ కువైట్ వెళ్ళేనాటికి నాకు ఏడేళ్ళు. సెలవు మీద తిరిగి వచ్చేసరికి పదమూడు నిండాయి. నాన్న నాకు ఊహ తెలియకముందే పోవడంతో, మలికిపురం దగ్గర మా ఊళ్ళో అమ్మమ్మ పెంపకంలోనే ఉన్నాను. ఆ ఆరేళ్ళలో అమ్మ ఒక్కసారీ రాలేకపోయింది. రావలసిన ఏడాది, తను పనిచేసే ఇంట్లో చంటిబిడ్డ పుట్టాడని ఆగిపోయింది.

ఆదివారం చర్చి నుంచి మేం వచ్చే వేళకి ఫోను చేసేది. తిన్నావా, చదువుకుంటున్నావా, అమ్మమ్మ మాట వింటున్నావా అని అడిగేది. మూడింటికీ "ఆయ్" అని చెప్పి ఫోను అమ్మమ్మకి ఇచ్చేసేదాన్ని. ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు.

ఆ రోజు తాళ్ళతో కట్టిన రెండు పెట్టెలతో కారు దిగి, "ఎంత ఎదిగిపోయేవే!" అంటూ అమ్మ నా రెండు బుగ్గలూ పట్టుకుంది. ఆ చేతులకి నాకు తెలియని సబ్బు వాసన.

"ప్రయాణం బాగా జరిగిందాండి?" అన్నాను.

బడిలో టీచరుగారితో మాట్లాడినట్టే వచ్చేసింది. అమ్మమ్మ పకపకా నవ్వింది. "అమ్మని పట్టుకుని అండీ అంటావేంటే, పిచ్చిమొహవా!" అమ్మ మాత్రం నవ్వలేదు. పెట్టెల తాళ్ళు విప్పే పనిలో పడింది.

రెండో పెట్టెలో, దుప్పట్ల మధ్య తువ్వాలు చుట్టి, తెల్లటి వీడియో గేమ్ పెట్టె ఒకటి ఉంది. ఆ ఇంటి పిల్లలు కొత్తది కొనుక్కుని పాతది అమ్మకి ఇచ్చేశారట. మా ఊళ్ళో వీడియో గేమ్ అంటే మీటలు నొక్కేదే. ఇది వేరు. రిమోటు చేత్తో పట్టుకుని మనం బ్యాటు ఊపినట్టు ఊపితే, టీవీలో బొమ్మ కూడా ఊపుతుంది. ఎర్ర, పసుపు, తెల్ల వైర్లు టీవీ వెనక ఎక్కడెక్కడ పెట్టాలో అమ్మ చకచకా పెట్టేసింది. మా ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటివాళ్ళని పిలిచే మనిషేనా ఈవిడ అని అమ్మమ్మ నోరు తెరిచి చూసింది.

నులకమంచం వసారాలోకి లాగేసి, ముందు గదిలో మధ్యాహ్నాలు ఆడేవాళ్ళం. టెన్నిస్ నాకు రెండు రోజుల్లో వచ్చేసింది. కిటికీలోంచి పక్కింటావిడ తొంగి చూసి, "ఏవండీ, మీ ఇంట్లో దోమలు అంత ఎక్కువగా ఉన్నాయాండి?" అని అడిగింది. అమ్మమ్మ స్టూలు మీద కూర్చునే బంతి దొర్లించే ఆట ఆడేది. టీవీలో నిలబెట్టిన కర్రలన్నిటినీ బతిమాలేది: "పడండి నాయనా, పడండి, మీకు పుణ్యం ఉంటుంది." విచిత్రంగా పడేవి కూడా.

అమ్మా నేనూ ఆడుతూనే ఉండేవాళ్ళం గాని, "మీ వంతండీ", "మీరు గెలిచారండీ" అనే అనేదాన్ని. కావాలని కాదు. "నువ్వు" అనాలంటే నోరు తిరిగేది కాదు.

ఆటలో ఎవరికి వాళ్ళు ఒక బొమ్మని ఎంచుకోవాలి. నేను మొదటి వరసలో దొరికిన పిల్లవాడి బొమ్మతోనే ఆడేదాన్ని. ఒకరోజు, ఈ బొమ్మలు ఎవరివి అని అడిగాను. అమ్మ మొహం వెలిగిపోయింది.

"ఆ ఇంటి పిల్లలు అచ్చం వాళ్ళలాగే చేసుకున్నారు. వీడు పెద్దాడు. ఇది పిల్ల, గడుగ్గాయి. నువ్వు ఆడేది చిన్నాడిది. నేను పెడితే గాని అన్నం తినేవోడు కాదు. నా కొంగు పట్టుకునే పడుకునేవోడు."

చిన్నాడు. ఆ ఏడాది అమ్మని రానివ్వకుండా ఆపినవాడు.

"బాక్సింగ్ ఆడదామాండి?" అన్నాను.

రిమోటుకి తీగతో ఇంకో పిడి తగిలించి, రెండు చేతులతో గాలిలో గుద్దాలి. టీవీలో బొమ్మలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. గంట మోగగానే మొదలుపెట్టాను. చూసి గుద్దడం లేదు, వరసగా గుద్దుతున్నాను. జ్వరం వచ్చిన రోజులకి ఒకటి. బడిలో అందరి అమ్మలూ వచ్చిన రోజుకి ఒకటి. నేను పెద్దమనిషినైనప్పుడు ఫోనులో "ఆయ్" అని తప్ప ఇంకేం చెప్పలేకపోయినందుకు ఒకటి. టీవీలో అమ్మ బొమ్మ వెనక్కి వెనక్కి పోయి, పడి, మళ్ళీ లేచింది. మళ్ళీ గుద్దాను. అప్పుడు గాని చూడలేదు, అమ్మ రెండు చేతులూ కిందకి దించేసి ఊరికే నిలబడి ఉంది.

"నువ్వెందుకు కొట్టవు?" అని అరిచాను. "నువ్వూ కొట్టు!"

అరిచాక తెలిసింది ఏమన్నానో. ఏడుపు ముంచుకొచ్చింది. వసారాలో బియ్యం ఏరుతున్న అమ్మమ్మ చేట పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

అమ్మ నా దగ్గరికి రాలేదు. రిమోటు టీవీ వైపు చూపించి, బొమ్మల జాబితాలో కిందికి, ఇంకా కిందికి వెళ్ళింది. ఆఖరి వరసలో ఒక ఆడపిల్ల ఉంది. రెండు జడలు, గుండ్రటి మొహం, పెద్ద కళ్ళు. కింద ఇంగ్లీషులో నా పేరు, ఒక అక్షరం తప్పుగా.

"నువ్వే," అంది. "ఆ గడుగ్గాయి చేత రాయించేను. గదులన్నీ మాపు పెట్టడం అయ్యేక, పిల్లలు బళ్ళోంచి వచ్చేలోగా కాసేపు ఖాళీ దొరికేది. ఒక చేతిలో నా రిమోటు, ఇంకో చేతిలో నీ రిమోటు. నా వంతు బంతి నేను వేసి, నీ వంతు కూడా నేనే వేసేదాన్ని."

"ఎవరు గెలిచేవారు?"

"ఇంకెవరు? నువ్వే. నా వంతొచ్చినప్పుడు సరిగ్గా వేసేదాన్ని కాదు కదా."

"మరి వచ్చిన రోజే ఎందుకు చూపించలేదు?"

"అండీ అన్నావు కదే. నవ్వుతావేమోనని సిగ్గేసింది."

అప్పుడు ఇద్దరం కింద గచ్చు మీదే కూర్చున్నాం. కరెంటు పోయినా లేవలేదు. చిన్నాడి గురించి నేనే అడిగాను. వాడి తల్లి ఊళ్ళో లేనప్పుడు వాడు రాత్రంతా ఏడిస్తే, అమ్మ నాకు పాడిన జోలపాటే తెలుగులో పాడేదట. మా ఆదివారం ఫోన్లు విని విని వాడికి "అమ్మమ్మ" అనే మాట వచ్చట. వాడి మీద నా కోపం ఆ రోజే పోయిందని చెప్పను గాని, వాడు అన్నం తిన్నాడో లేదో అనే ఆలోచన మాత్రం నాకూ వచ్చింది.

కరెంటు వచ్చాక, ఇప్పుడు నేనున్నట్టే ఆ బొమ్మకి ఒక జడ తీసేసి, కళ్ళజోడు పెట్టాం. పేరులో అక్షరం నేనే సరిచేశాను.

రెండు నెలల సెలవు అయిపోయి అమ్మ వెళ్ళింది. ఒప్పందం ఇంకో రెండేళ్ళుంది. కాని ఆదివారం ఫోను మారిపోయింది. "మీ అమ్మ అన్ని కర్రలూ ఒక్క దెబ్బకి పడగొట్టింది" అని నేనంటే, "అబద్ధం! కూర్చున్న స్టూలు ముందుకి జరుపుకుని ఉంటాది" అని అక్కడినుంచి అమ్మ. మధ్యలో ఫోను లాక్కుని అమ్మమ్మ దెబ్బలాట. తరవాతి వేసవిలో వోల్టేజీ ఎక్కువై గేమ్ కాలిపోయింది. రాజోలులో బాగుచేసేవాళ్ళెవరూ దొరకలేదు. అప్పటికి మాకు మాటల కరువు లేదు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా అమ్మ పూర్తిగా వచ్చేసింది. మలికిపురంలో ఒక హాస్టల్లో వంట పని దొరికింది. బస్సు కోసం కాచుకోలేక, పాత స్కూటీ ఒకటి సంపాదించి, నడపడం నేర్పమంది. పొద్దున్నే కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళాను. ముందు అమ్మ, వెనక నేను.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను, నువ్వు ముందుకి చూడు!"

రెండుసార్లు గడ్డిలో పడ్డాం. మూడోసారి కొబ్బరితోట దాటి, వంతెన దాటి, రోడ్డెక్కేసింది. ఎదురుగా వస్తున్న లారీకి తనే హారన్ కొట్టి, పక్కకి తీసుకుని, ఆపకుండా వెళ్ళిపోతోంది.

"ఎక్కడికే?" అని అరిచాను వెనకనుంచి.

"తెలీదు," అంది. "ఆపడం ఇంకా నేర్పలేదు కదా నువ్వు!"