పిట్ట ముట్టని ముద్ద

కాగ్నా నది ఒడ్డున, సోమేశ్వర్ పోయిన పదో రోజు పెట్టిన ముద్దను కాకి ముట్టలేదు.

కాకులు లేక కాదు. అవతలి ఒడ్డున తుమ్మచెట్టు నిండా ఉన్నాయి. కొన్ని దిగివచ్చి, విస్తరాకు చుట్టూ తిరిగి, మెడ వంచి చూసి, మళ్లీ ఎగిరిపోయాయి. సోమేశ్వర్ కొడుకు శివశంకర్ తడి పంచెతో చేతులు జోడించాడు. "బాపూ, మిల్లు ఆగనియ్య. అమ్మను మంచిగ చూసుకుంట. తిను బాపూ" అన్నాడు. సోమేశ్వర్ తమ్ముడు ముందుకొచ్చి, ఏండ్ల నుంచి సాగుతున్న ఇంటి గోడ పంచాయితీని అందరి ముందరా అక్కడికక్కడే వదులుకున్నాడు. "గోడ నీదే అన్నా, జర ముట్టు" అని ఏడ్చాడు. పిట్ట ముట్టలేదు.

"మనసుల ఏదో మిగిలింది. అది తీరందే రాడు" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

ఎండ ముదిరింది. అయ్యగారు చివరికి దర్భతో కాకి చేసి ముద్దకు తాకించి, ఆ ముద్దను ఆవుకు పెట్టించాడు. దూరంగా ఆడవాళ్ల మధ్య కూర్చున్న సోమేశ్వర్ భార్య కస్తూరమ్మను, నువ్వూ ఒక మాట చెప్పమ్మా అని ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె చెప్పగలిగేది కాదు. ఆయన ఎందుకు ముట్టలేదో తనకు తెలుసనుకుంది.

ఆయన పోవడానికి ముందు వారం రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు.

గొడవ పెద్దదేం కాదు. సోమేశ్వర్‌కు చాలా ఏండ్లుగా సుగర్. తాండూరులో కందిపప్పు మిల్లు నడిపే మనిషి, నలుగురికీ లెక్క చెప్పే మనిషి, తీపి దగ్గర మాత్రం దొంగ. బట్టలు ఉతకబోతూ ఆమె అంగీ జేబులో చెయ్యి పెడితే నల్లటి సీతాఫలం గింజలు దొరికాయి.

"తిన్నవా?"

"నేనెందుకు తింట? ఎవలో పిల్లగాడు తిని నా జేబుల ఏసిండు."

ఆమెకు నవ్వు రావలసింది. రాలేదు. సీతాఫలం తిన్నందుకు కాదు, తినలేదన్నందుకు మాట మానేసింది. అన్నం పెట్టేది, మంచినీళ్లు పెట్టేది, నోరు విప్పేది కాదు. ఆయన మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత తానూ ఊరుకున్నాడు. ఒక పొద్దున బేరం ఉందని వికారాబాద్ రైలెక్కాడు. "పోయొస్త" అని గడపలో కొంచెంసేపు నిలబడ్డాడు. ఆమె చేటలో కందులు చెరుగుతూ తల ఎత్తలేదు. ఆయన వికారాబాద్ స్టేషన్లో, ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఆయనతో పాటు ఒక గుడ్డసంచి ఇంటికొచ్చింది. అందులో మెత్తబడ్డ సీతాఫలాలు.

పదో రోజు తర్వాత కస్తూరమ్మకు ఇల్లు ఇల్లులా లేదు. మధ్యాహ్నం కాకి అరిస్తే చేతిలో గిన్నె జారేది. తను ముద్ద నోట్లో పెట్టుకోగానే గడపలో ఎవరో నిలబడ్డట్టు అనిపించేది. సుగర్ మనిషి, ఆకలికి ఆగలేడు. పొద్దున టిఫిన్ ఆలస్యమైతే చేతులు వణికేవి. అలాంటివాడు ఎక్కడో తినకుండా తిరుగుతున్నాడు. ఆ మాట కొడుకుతో అంటే డాక్టర్ దగ్గరికి తీసుకుపోతాడు. కోడలు నిఖిలతో అంటే భయపడుతుంది. అందుకని ఎవరితోనూ అనలేదు.

నెల మాసికం అయిన మర్నాడు, శివశంకర్ మిల్లుకు, నిఖిల బడికి పోయాక ఒకాయన గేటు బయట వచ్చి నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. తెల్ల అంగీ, గోళ్లలో రాతిపొడి. గేటు తెరిచే ఉన్నా లోపలికి రాలేదు.

"సోమేశ్వర్ సేట్ ఇల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. ఆయన లేడయ్యా."

"తెల్సమ్మా. తెల్సే వచ్చిన. నా పేరు ఈరయ్య. మర్పల్లి దిక్కు మాది, బండల పని చేస్త. ఆఖరి గడియల ఆయన పక్క బల్ల మీద కూసున్నది నేనే."

కస్తూరమ్మ చేటను కింద పెట్టింది. మర్పల్లి ఆమె పుట్టిల్లు. లోపలికి రమ్మంది. ఆయన గడప దాటలేదు, అరుగు చివర కూర్చున్నాడు. చాయ్ వద్దన్నాడు.

"చెప్పాల్నా వద్దా అని నెల నుంచి పరేషాన్ అయితున్న. ఇంట్ల ఆమె గురించి ఒక మాట అన్నడు. మీ ఇద్దరి నడుమ జర..." అని ఆగాడు.

"మాట్లాడలేదయ్యా. వారం దినాలు నేను మాట్లాడలేదు" అంది ఆమె. ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి.

"అదే. అదే అన్నడు. నా మీద కోపం పెట్టుకున్నది, నాదే తప్పు అన్నడు. ఆయన చేతిల సంచి..."

"సీతాఫలాలు."

"మీ కోసమే కొన్నడమ్మా. ఆమెకిస్త, ఇగ మాట్లాడుతది అన్నడు."

కస్తూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ఓదార్చలేదు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. వెళ్లబోతూ, గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"పిట్ట ముట్టిందా అమ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అయితే అదే" అన్నాడు తనలో తను. ఎంత అడిగినా ఇంకేం చెప్పలేదు. "ఇయ్యాల వద్దు" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రోజులన్నీ ఆమె గేటువైపే చూసింది. ఆయన మళ్లీ వచ్చేసరికి, అతిథి వచ్చినట్టు ఎదురుపోయింది. అప్పుడు చెప్పాడు. అనంతగిరి పద్మనాభస్వామి గుట్ట ఎక్కే తొవ్వలో, నడిచి అలసినవాళ్లు కూర్చోవడానికి తాండూరు బండతో ఒక అరుగు వేయిస్తానని సోమేశ్వర్ మొక్కుకున్నాడట. బండల పనివాడు పక్కన కూర్చుంటే నువ్వే వెయ్యమని అడిగాడట. పేరు మాత్రం చెక్కొద్దన్నాడట. పేరుంటే మొక్కు ఫలించదని.

ఎంత చిన్న కోరిక! ఆయన కోరికలన్నీ అంతే ఉండేవి. ఆమె లోపలికి పోయి బీరువా తెరిచింది. మిల్లు పైసలు కొడుకు చేతిలో ఉంటాయి. పైగా ఇది కొడుకు పైసలతో తీరేది కాదనిపించింది. పదో రోజు తన మెడలోంచి తీసి పసుపు గుడ్డలో చుట్టిన పుస్తెలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఈరయ్య నిప్పు చూసినట్టు వెనక్కి జరిగాడు. "వద్దమ్మా! అవి ముట్టొద్దు. ముందుగాల మీ కొడుక్కు చెప్పుండ్రి. ఆయన సరే అంటేనే."

మోసగాడు కొడుకుకు చెప్పమంటాడా? ఆమెకు అప్పటిదాకా ఏ మూలైనా మిగిలిన అనుమానం ఆ మాటతో పోయింది. "ఇది మా ఇద్దరిది" అని పట్టుబట్టి, బతిమాలి, గుడ్డను ఆయన చేతిలో పెట్టింది.

ఎండాకాలం మొదట్లో దర్శనం పేరు చెప్పి కొడుకును అనంతగిరి తీసుకుపొమ్మంది. మెట్ల తొవ్వలో పేర్లు చెక్కిన బల్లలు చాలా ఉన్నాయి. ఫలానావారి జ్ఞాపకార్థం, ఫలానావారి ధర్మం. ఒక మలుపులో, రాలిన టేకాకుల మధ్య, పేరు లేని రాతి అరుగు ఒకటి కనిపించింది. దాని మీద కూర్చుంది. అరచేత్తో బండను నిమిరింది. చల్లగా ఉంది.

"మోకాళ్లు నొస్తున్నయా అమ్మా?" అన్నాడు శివశంకర్.

"లేదు బిడ్డా. జర సేపు కూసుందాం."

ఆ రోజు నుంచి ఆమె గడపవైపు చూడకుండా అన్నం తినగలిగింది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక పొద్దున నిఖిల ఫోన్ పట్టుకొచ్చింది. "చూడు అత్తమ్మా, ఎసొంటోళ్లుంటరో! చచ్చిపోయినోళ్ల ఇండ్లు ఎతుక్కుంట తిరుగుతడట. వికారాబాద్ పోలీసోళ్లకు దొరికిండు."

ఫోటోలో తెల్ల అంగీ. కస్తూరమ్మ ఫోన్ తిరిగిచ్చి వంటింట్లోకి పోయింది. సాయంత్రం కొడుకు రాగానే, "వికారాబాద్ తీస్కపో" అంది. దారంతా జరిగింది చెప్పింది. శివశంకర్ స్టీరింగ్ మీద గుద్దాడు. "పుస్తెలిచ్చినవా అమ్మా? గానికి?" అన్నాడు.

పోలీస్ స్టేషన్లో బీరన్న అనే హెడ్ కానిస్టేబుల్ కుర్చీ వేశాడు. "ఈరయ్య అని చెప్పిండా మీకు? పూడూరుల భీమప్ప అని చెప్పిండట. అసలు పేరేందో మాకే ఇంక తెల్వది" అన్నాడు.

"ఆయనకు అన్నీ తెల్సు సార్" అంది కస్తూరమ్మ. "మా వారు యాడ పోయిండో కూడ తెల్సు."

"చౌరస్తాల మీరు పెట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లేదా పెద్దమ్మా? పేరు, తారీఖు, కొడుకు పేరు, కోడలి పేరు అన్నీ దాని మీదనే ఉంటయి. మిగిలింది చాయ్ హోటల్ల చెప్తరు. సేట్ స్టేషన్ల పోయిండు, పిట్ట ముట్టలేదు అని. ముట్టిన ఇంటికి వాడు పోడు. ముట్టని ఇల్లే వానికి గిరాకి. మర్పల్లి దిక్కు అంటడు. దిక్కంటే సగం జిల్లా వస్తది. ఇగ సగం మాట అని ఆగుతడు. తక్కిన సగం మీరే చెప్తరు."

"ఎట్ల దొరికిండు?" అన్నాడు శివశంకర్.

బీరన్న మీసం కింద నవ్వాడు. "పూడూరు కాడ ఒకింటికి పోయిండు. మీ నాయిన ఆఖరుకు నాతోటి మస్తు మాట్లాడిండు అన్నడు. ఆ పోయినాయన పుట్టు మూగ. ఫ్లెక్సీ మీద గది రాయరు గద!"

శివశంకర్ కూడా నవ్వబోయి, తల్లిని చూసి ఆగిపోయాడు. ఆమె లోపల ఆ రోజు ఇంటి అరుగు మీద నడిచిన మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూసుకుంటోంది. మాట్లాడలేదన్నది తను. సీతాఫలాలన్నది తను. ఆయన అన్నది ఏముంది? అదే, అదే. అంతే. కానీ ఊరూరూ రైళ్లెక్కి తిరిగేవాడే కదా. ఏమో, ఆ రోజు నిజంగానే పక్క బల్ల మీద ఉన్నాడేమో. ఉంటే, సీతాఫలాలు తన కోసమే కొన్నాడన్న ఆ ఒక్క మాటైనా నిజమేమో. ఆమెకు పుస్తెలు అక్కర్లేదు. అది కావాలి.

"నేను ఒక మాట అడగాలె ఆయన్ని" అంది.

తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టారు. గడ్డం పెరిగింది, అంగీ మాసింది. చూపు మాత్రం అదే, మెత్తగా.

"ఆ దినం నువ్వు స్టేషన్ల ఉన్నవా?"

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. పెదవులను చూశాడు. కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్లను చూశాడు. కస్తూరమ్మకు గుర్తొచ్చింది. అరుగు మీద కూర్చున్నప్పుడూ అలాగే చూశాడు. అప్పుడు దాన్ని దయ అనుకుంది. వాడు తన మొహంలో జవాబు వెతుక్కుంటున్నాడు. తనకు ఏది కావాలో అదే తీసి తనకు ఇస్తాడు.

ఆమె కొంగును తల మీదుగా ముందుకు లాగి, మొహం పూర్తిగా కప్పుకుంది. చేతులను చీరలోకి ముడుచుకుంది.

"ఇప్పుడు చెప్పు. ఉన్నవా?" గొంతులో కోపం లేకుండా, ఏడుపు లేకుండా, కూరగాయల ధర అడిగినట్టు అడిగింది.

బయట వాన. గుడ్డ లోపల ఆమెకు తన ఊపిరి తప్ప ఏమీ వినబడటం లేదు. చాలాసేపటికి వాడి గొంతు వచ్చింది. మొదటిసారి అందులో తడబాటు ఉంది.

"మొహం చూపెట్టకుంటే నేనేం చెప్పాలె అమ్మా?"

కస్తూరమ్మ లేచి నిలబడింది. కొంగు తీయకుండానే, "ఈయనే సార్" అని బీరన్నతో చెప్పి బయటికి నడిచింది.

పుస్తెలు ఎప్పుడో కరిగిపోయాయి. ముద్ద నోట్లో పెట్టుకునే వేళ గడపలో నిలబడే మనిషి మళ్లీ వచ్చాడు. ఈసారి ఆమె ఆయన్ని పంపించేయడానికి ఎవరినీ వెతకలేదు. కాకి అరిచినా గిన్నె జారనివ్వలేదు.

సంవత్సరీకం నాటికి బజారులో మళ్లీ సీతాఫలాలు వచ్చాయి. అయ్యగారు చెప్పినట్టు శివశంకర్ మిద్దె మీద విస్తరి పెట్టి, చేతులు జోడించి నోరు తెరవబోయాడు. "నువ్వు కిందికి పో బిడ్డా" అంది కస్తూరమ్మ.

ఒక్కతే మిగిలాక, కొంగు చాటు నుంచి బాగా పండిన సీతాఫలం తీసింది. రెండుగా విప్పి ముద్ద పక్కన పెట్టింది. మొక్కులేమీ మొక్కలేదు. ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"తిన్ననని చెప్తే ఏమైతుండె నీకు?" అంది. "తిడుతుంటి. ఒక పూట తిడుతుంటి. పోయొస్త అన్నప్పుడు నేను తల ఎత్తకపోతి. ఎవలకోసం కొన్నవో నాకు తెల్వది. ఇగ తెల్వదు కూడ. తిను. ఏమనను."

మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, మెట్లు దిగింది. వెనక రెక్కల చప్పుడు వినిపించింది. పావురాలో, కాకులో. ఆమె తిరగలేదు.

కింద నిఖిల ఎదురుచూస్తోంది. "ముట్టిందా అత్తమ్మా?"

"చూడలే" అంది కస్తూరమ్మ. "అన్నం పెట్టు, ఆకలైతుంది."