సారు గడియారం, పోతయ్య చెయ్యి

డబ్బున్నవాళ్లే కాదు, వాళ్ల వస్తువులు కూడా తమకు తగిన ఇంట్లోనే వియ్యమందుకుంటాయి. ఈ సంగతి మా వెంకటేశ్వరరావు గారు కొత్త కారు కొన్నప్పుడు తెలిసింది. ఖమ్మంలో ఆయనది గ్రానైటు వ్యాపారం. నేను ఆయన ఆఫీసు మేనేజర్ని, పేరు భాస్కర్. హైదరాబాదు నుంచి ఆ విదేశీ కారుతో పాటు ఒక నల్ల పెట్టె కూడా వచ్చింది. తెరిచి చూస్తే చేతిగడియారం. కారు కంపెనీ, స్విట్జర్లాండులోని ఒక గడియారాల కంపెనీ కలిసి తయారు చేశాయట. కారు సీట్ల తోలుతోనే దాని బెల్టు. కారు మీటరు ముల్లు ఎలా ఉందో దాని ముల్లూ అలాగే ఉంది. వెనక చెక్కింది కూడా కారు నంబరే. పెళ్లికి వెళ్తే కారు బయటే ఆగిపోతుంది కదా, లోపల కూర్చున్నవాళ్లకి ఆ కారు సంగతి చెప్పాలి, అందుకన్నమాట ఈ గడియారం. అంతకు మించి దాని ప్రయోజనం ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇలాంటి వియ్యాలు చాలానే ఉన్నాయని తర్వాత ఫోనులో చదివాను. బెంట్లీ కార్లకీ బ్రైట్‌లింగ్ గడియారాలకీ పొత్తు దాదాపు ఇరవై ఏళ్లు సాగిందట. ఫెరారీ వాళ్లు హ్యూబ్లోతో కొన్నేళ్లు ఉండి, ఆ తర్వాత రిచర్డ్ మిల్‌తో కలిశారట. మనుషులైతే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడుకోవాల్సి వచ్చేది.

మా సారు గడియారానికి ఒక చిక్కుంది. దానికి సెల్లు ఉండదు. కట్టుకున్న మనిషి చెయ్యి కదిలితేనే అది నడుస్తుంది. మా సారు చెయ్యేమో కదలదు. కార్లో వెనక సీటు మీద ఆనించి ఉంటుంది, ఆఫీసులో కుర్చీ మీద ఆనించి ఉంటుంది. అప్పుడప్పుడు సంతకం చేస్తుంది, అంతే. గడియారం మాటిమాటికీ ఆగిపోయేది. జోడీలో ఒకటి ఆగితే రెండోదానికి ఏం మూడుతుందోనని ఆయనకు దిగులు. దాన్ని తిప్పుతూ ఉండటానికి కరెంటు పెట్టె ఒకటి దొరుకుతుందని షోరూం వాళ్లు చెప్పారు. అప్పుడే సారు భార్య నాగలత గారు నవ్వుతూ, ముందు సీట్లో పోతయ్య చెయ్యి పొద్దస్తమానం తిరుగుతూనే ఉంది కదా, దానికే కట్టండి అన్నారు. ఆవిడ వేళాకోళానికే అన్నారు. మా సారు నిజంగానే కట్టించారు.

పోతయ్య మా డ్రైవరు. చర్ల దాటి అడవిలో ఉన్న కోయగూడెం అతనిది. మొదట్లో ఊళ్లో ట్రాక్టరు తోలాడు, తర్వాత తునికాకు లారీ మీద తిరిగాడు, ఆ లారీ మా క్వారీకి రావడంతో మాతోనే ఉండిపోయాడు. తల్లి ముత్తక్క, భార్య, కూతురు గూడెంలోనే ఉంటారు. మాట తక్కువ మనిషి. ఊళ్లోంచి పోతుంటే హారన్ కొట్టడు, అడ్డం వచ్చిన కోడిపిల్ల దాటేదాకా బండి ఆపుతాడు. వెనక నుంచి సారు విసుక్కున్నా అతనికి పట్టదు. అలాంటివాడు గడియారం విషయంలో మాత్రం మారు మాట్లాడలేదు. పొద్దున గేటు దగ్గర కట్టుకునేవాడు, సాయంత్రం అక్కడే విప్పి ఇచ్చేవాడు. అంత ఖరీదైనది చేతికి పెట్టుకుని కూడా టైం ఎంతయిందని నన్నే అడిగేవాడు. అదేమిటంటే, మందిది చూసుడెందుకు సార్, నాదా ఏంది అన్నాడు ఒకసారి.

ఈ వేసవి మొదట్లో సారు మోకాలి ఆపరేషన్‌కి హైదరాబాదు వెళ్లారు. వెళ్తూ, నేను వచ్చేదాకా విప్పకు, ఆగనివ్వకు అని పోతయ్యకి మరీ మరీ చెప్పారు. అదే సమయంలో పోతయ్య కూతురికి జ్వరం తగిలింది. కబురు అందగానే అతను ఊరికి పరిగెత్తాడు. చర్లలో తగ్గలేదు. పిల్లను ఎత్తుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాడు. మంచం పక్కన ఒకవైపు పోతయ్య, ఇంకోవైపు ముత్తక్క. పిల్ల నుదుటి మీద కొడుకు చెయ్యి, ఆ చేతికి గడియారం. ముత్తక్క కళ్ల ముందు ఉన్నది అదే. పిల్ల బతికితే కొడుకు చేతి గడియారం తెచ్చి ఇలవేల్పుగా కొలిచే కర్రకు కడతానని ఆమె మనసులో మొక్కుకుంది. పిల్ల తేరుకుంది. ఇంటికి వచ్చాక గూడెం అందరికీ మొక్కు సంగతి చెప్పి, కొత్త మామిడికాయ పండుగ నాడు తీరుస్తానని వేల్పు పూజారి వడ్డెతో కూడా అనేసింది.

ఆమెది తప్పంటారా? ఒకరి గడియారం ఆగిపోకుండా ఇంకొకరు దాన్ని కట్టుకుని తిరుగుతారని ఆ గూడెంలో ఎవరికి మాత్రం తోస్తుంది? ఒంటి మీద ఉన్నదంటే వాళ్లదే అని వాళ్ల లెక్క.

పోతయ్య ఖమ్మం తిరిగి వచ్చి నాకు ఇదంతా చెప్పి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఉద్యోగం పోతుందని కాదు అతని దిగులు. కొడుకు చేతి గడియారం చూసుకుని తల్లి ఊళ్లో తలెత్తుకు తిరుగుతోంది. అది అతనిది కాదని పదిమందిలో తెలిస్తే ఆ తల దించుకుంటుంది. మొక్కు తీరకపోతే పిల్లకు మళ్లీ ఏమవుతుందోనన్న భయం ఒకవైపు ఉండనే ఉంది. నాకు ఒళ్లు మండింది. భద్రాచలం బస్టాండు దగ్గర అలాంటిదే ఒకటి కొని కట్టెయ్యి, వేల్పు కంపెనీ పేరు చదువుతుందా అన్నాను.

"వేల్పుకు తెల్వకపోవచ్చు సార్. నాకు తెలుస్తది గద" అన్నాడు.

సారు కర్ర పట్టుకుని ఇంటికి వచ్చాక పోతయ్యే వెళ్లి చెప్పాడు. కోప్పడతారనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది. మధిర వైపు మనిషి, దైవభక్తి ఎక్కువ. మొక్కిన వస్తువు ఇంట్లో ఉంచుకోవడానికి భయం, ఇచ్చేస్తే కారుకు జోడీ లేకుండా పోతుందని బాధ. ఇంకేదైనా ఇస్తే సరిపోదా అని అడిగారు. మొక్కింది తను కాదని, తల్లినే అడగాలని పోతయ్య అన్నాడు. అలా ముగ్గురం పండుగ నాడు ఆ కార్లోనే బయల్దేరాం. గడియారం మాత్రం పోతయ్య చేతికే ఉంది. దారిలో ఆగిపోతుందేమోనని సారే కట్టించారు.

పర్ణశాలకు వెళ్లే యాత్రికుల బళ్లు ఒక్కొక్కటే తగ్గిపోయి, రోడ్డు మాకు మాత్రమే మిగిలింది. పోలీసు క్యాంపు దగ్గర తారు రోడ్డు అయిపోయింది. జవాన్లు కారు చుట్టూ తిరిగి చూశారు. దాన్ని అక్కడే వదిలి, సారును గూడెం నుంచి వచ్చిన ట్రాక్టరు ఎక్కించాం. అంత కారున్న మనిషి ట్రాక్టరు తొట్టిలో మోకాలు పట్టుకుని ఎగిరెగిరి పడుతుంటే నాకు జాలేసింది, కొంచెం సంతోషమూ వేసింది.

గూడెంలో వేల్పు ముందు మామిడికాయలు కుప్పపోసి ఉన్నాయి. వడ్డె వేల్పుకు పెట్టేదాకా ఆ ఏడు కాయ ఎవరూ కొరకరు. పెద్దసారు పండుగ చూడ్డానికి వచ్చాడనుకుని ముత్తక్క మురిసిపోయింది. నులకమంచం వేయించి, అందరి ముందూ కొడుకును పిలిచి గడియారం విప్పమంది. పోతయ్య కదల్లేదు.

"అవ్వా, ఇది నాది కాదు. సారుది. ఆగిపోకుంట నేను కట్టుకుంటున్న."

కోయలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు. డోలు కొడుతున్నవాళ్లు ఆపేశారు. ఎందుకు ఆగుతుందని ముత్తక్క అడిగింది. చెయ్యి తిరిగితేనే అది నడుస్తుందని, తను స్టీరింగు తిప్పుతుంటాడు కాబట్టి తనకు కట్టారని అతను నేల చూస్తూ చెప్పాడు. ఆమె కొడుకు చేతిని చూసింది. తర్వాత సారు వైపు తిరిగింది.

"సారుకు చెయ్యి లేదా?"

వెటకారం లేదు, నిజంగానే అడిగింది. ఎవరూ నవ్వలేదు. నాకు నవ్వు రావాల్సింది, సిగ్గు వచ్చింది. ఇన్నాళ్లూ గేటు దగ్గర ఆ కట్టడం విప్పడం చూస్తూ నేను ఒక్కసారి కూడా అడగని మాట అది. సారు తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తున్నారు.

ముత్తక్క కొడుకు దగ్గరికి వెళ్లి అతని మణికట్టు పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గడియారం నీది కాకుంటే ఏంది బిడ్డా. చెయ్యన్న నీదే గద."

పోతయ్య ఏడ్చాడు. ఆ మనిషి ఏడవగా నేను చూడటం అదే మొదలు. ముత్తక్కే గడియారం విప్పి సారు చేతిలో పెట్టింది. మందిది మొక్కడం తన తప్పేనని, తన సొమ్ముతోనే తీర్చుకుంటానని వడ్డెతో చెప్పింది. పెళ్లినాటి వెండి కడియం ఆమె మోచేతి పైన దండకు ఉంది. ఎన్నో ఏళ్లుగా తీయనిది, ఊరికే రాలేదు. ఇప్పనూనె రాసి, కోడలూ తనూ కలిసి లాగితే చర్మం గీరుకుపోయి వచ్చింది. వడ్డె దాన్ని వేల్పు కర్రకు కట్టి, మొదటి కాయ కోశాడు. నా చేతికీ ఒక ముక్క వచ్చింది. ముత్తక్క ఏమాత్రం తల దించుకోలేదు. మనవరాలిని చంకనేసుకుని అందరికీ ముక్కలు పంచింది, సారుకు కూడా.

సాయంత్రం క్యాంపు దగ్గరికి చేరాం. పోతయ్య కారు తుడిచి తాళం తీశాడు. సారు జేబులోంచి గడియారం తీసి, రోజూ గేటు దగ్గర చాపినట్టే అతని వైపు చాపారు.

"కట్టుకో పోతయ్యా, ఆగిపోద్ది."

"ఆగితే ఆగనియ్యండి సార్" అని పోతయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు.

సారు చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత వెనక తలుపు ఆయనే తీసుకుని ఎక్కారు.